ఆదిమూలం తిట్లకు కొత్త పళ్ళు

పూతలపట్టు కూడలికి దగ్గర్లోని ఒక పల్లెలో ఆదిమూలం కాపురం. కూడలిలో ఉన్న పంక్చర్ అంగడి అతని బతుకుతెరువు. గౌరవం మాత్రం తిట్ల వల్ల వచ్చింది. ఏడాదంతా లారీ టైర్లకు ప్యాచీలు వేస్తూ, వచ్చిన ప్రతివాణ్నీ అన్నా, సామీ అని పిలిచే ఈ మనిషి, గంగజాతర రోజున ముఖానికి మసి పూసుకుని, నడుముకు వేపమండలు చుట్టుకుని, చేత చీపురు పట్టుకుని గడపగడపకూ వెళ్ళి తిడతాడు. దాన్ని ఆ ఊళ్ళో తిట్ల వేషం అంటారు. గంగమ్మ పేరున తిట్లు తిన్న ఇంటికి ఆ ఏడు రోగం రాదని, చావు రాదని నమ్మకం. ఎవరి గడపైనా మరిచిపోతే వాళ్ళు మూతి ముడుచుకుంటారు. పంచాయతీ మెంబరు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళాన్ని పక్కన నిలబెట్టుకుని, చేతులు కట్టుకుని మరీ తిట్టించుకుంటాడు. మర్నాడు అదే ఆదిమూలం తన బండికి గాలి పట్టడం ఆలస్యం చేస్తే మాత్రం ఆయన ఊరుకోడు.

తాత తిట్టినవే నాయన తిట్టాడు, నాయన తిట్టినవే ఆదిమూలం తిడతాడు. కొత్తవి కలపకూడదు, పాతవి మింగకూడదు. లోపలి గదిలో మంచం పట్టిన ముసలివాళ్ళకు కూడా ప్రతి అక్షరం వినబడాలి. ఈ విద్యలో తనను మించినవాడు చిత్తూరు జిల్లాలోనే లేడని ఆదిమూలం చెప్పుకునేవాడు. పోటీకి ఎవరూ రాలేదు కాబట్టి అది నిజమే అయ్యుండాలి.

ఇలాంటి వైభోగం నడుస్తుండగా, పోయిన ఏడాది జాతర నెల ఉందనగా, టైరు ఊడదీసే ఇనప కడ్డీ జారి ఎగిరి మూతికి తగిలింది. పైవరసలో ముందరి పళ్ళు నాలుగు పోయాయి. చిత్తూరులో పళ్ళు కట్టే ఒకాయన అతని నోటినిండా మెత్తటి ముద్ద కుక్కి, వాంతి వచ్చేదాకా అదిమిపట్టి, ఆ అచ్చుతో ఒక పళ్ళ సెట్టు చేసి ఇచ్చాడు. అది ఎవరి నోటికి సరిపోయేదో తెలియదు గానీ ఆదిమూలం నోటికి మాత్రం కాదు. అయినా జాతర ముంచుకొస్తోంది కదా అని దాన్నే పెట్టుకున్నాడు.

ఆ ఊళ్ళో వేషానికి మొదటి గడప అక్కమ్మది. ఆమె మొగుడు మునిరామయ్య ఊళ్ళో అందరికన్నా పెద్ద. ఆదిమూలానికి వరసకు మామ. కూడలిలో అంగడి పెట్టుకోమని తన చింతచెట్టు నీడ ఇచ్చినవాడు ఆయనే. ఆ రోజు మొగుడూ పెళ్ళాం వాకిట్లో నిలబడ్డారు. ఆదిమూలం రొమ్ము నిండా గాలి పీల్చి నోరు తెరిచాడు. తిట్టు కన్నా ముందు పళ్ళ సెట్టు బయటికొచ్చి అక్కమ్మ పేడనీళ్ళ బకెట్లో పడింది. వెనకాలే ఒట్టి గాలి వచ్చింది.

ఊరు ఊరంతా నవ్వింది. అందరికన్నా ఎక్కువ నవ్వినవాడు మునిరామయ్య. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుని, గోడ పట్టుకుని కూర్చున్నాడు. దసరా రాకముందే గుండె ఆగి పోయాడు. ఎన్నో ఏళ్ళుగా ఉన్న గుండెజబ్బు అని డాక్టర్లు చెప్పారు. డాక్టర్ల మాట ఎవరికి కావాలి.

"మా ఆయనకు తిట్టు తగల్లేదు, గాలి తగిలింది. గాలికి చావు ఆగుతాదా?" అంది అక్కమ్మ. "వచ్చే జాతరకు వాడొస్తే నేను వాకిలి తియ్యను."

మొదటి వాకిలి తెరుచుకోకపోతే ఆ ఏడు వేషం ఆ మనిషి చేతిలోంచి పోతుంది. ఆదిమూలం చిన్నాయన కొడుకు మునిప్రసాద్ అప్పుడే మసి నూరుకోవడం మొదలుపెట్టాడు. తిట్లలో అతనికి సగం రావు. పళ్ళు మాత్రం ముప్పై రెండూ ఉన్నాయి.

అంగట్లో కూర్చున్నవాళ్ళతో ఆదిమూలం ఇదంతా మూఢనమ్మకం అని నవ్వుతూ కొట్టిపారేసేవాడు. ఇంటికొచ్చాక అన్నం సహించేది కాదు. తన నోరు సరిగ్గా ఉండుంటే మామ ఇంకా చింతచెట్టు కింద కూర్చుని ఉండేవాడేమో అన్న దిగులు అతన్ని తినేస్తూ వచ్చింది. అది చూడలేక పెళ్ళాం కోమలి అతన్ని తిరుపతి బస్సెక్కించింది.

తిరుపతిలో పళ్ళ డాక్టరు పవిత్రది శ్రీకాళహస్తి. చిన్న వయసు. ముద్ద కుక్కుతుందేమోనని ఆదిమూలం ముందే దవడ బిగించుకుని కూర్చున్నాడు. ఆమె పెన్నంత కెమెరాను నోట్లో అటూ ఇటూ తిప్పింది, అంతే. తర్వాత ఒక మిషను అతని తల చుట్టూ ఒక్క ప్రదక్షిణం చేసింది. కాసేపటికి తెర మీద ఆదిమూలం దవడ ఆదిమూలం లేకుండానే తిరుగుతూ కనబడింది. తిప్పితే వెనక నుంచి, కోస్తే లోపలి నుంచి, ఎలా కావాలంటే అలా.

"రెండు స్క్రూలు ఎముకలో దించి, వాటి మీద నాలుగు పళ్ళు నిలబెడతామన్నా. ముందు ఇక్కడ తెర మీద దించి చూస్తాను. బాగుందనుకుంటేనే నోట్లో," అంది పవిత్ర.

ఆదిమూలానికి నవ్వొచ్చింది. స్క్రూల గురించి తనకు చెప్పడమా అనుకున్నాడు. "రెండు స్క్రూలు బిగించేదానికి ఇంత టీవీ ఏల డాక్టరమ్మా? లారీ చక్రానికి పది బోల్టులు నేను కంటిచూపుతో దించేస్తా."

ఆమె తెర మీద స్క్రూ బొమ్మను అతను వేలితో చూపించిన చోటే, అతను చెప్పినంత నిటారుగా పెట్టింది. స్క్రూ కొస ఎముక ముందరి గోడను చీల్చుకుని బయటికొచ్చింది. ఆ చోట గోడ కాగితమంత పల్చగా ఉంది. కాస్త వెనక్కి వాల్చితే లోపలే దాక్కుంది.

"టైరుకు బొక్క పడితే నువ్వు ప్యాచీ వేస్తావు. దీనికి నా దగ్గర ప్యాచీ లేదన్నా," అంది.

ఆమె ఆ వాలును అలాగే కంప్యూటర్‌లో పదిలపరిచి, మిగిలిన పళ్ళ మీద బిగుతుగా కూర్చునే తొడుగు ఒకటి త్రీడీ ప్రింటర్‌లో తీయించింది. ఆ తొడుగుకు రెండు రంధ్రాలు. డ్రిల్లు ఆ రంధ్రాల్లోంచే, ఆ వాలులోనే, అంత లోతుకే పోతుంది. డాక్టరు చెయ్యి వణికినా దానికి పట్టింపు లేదు.

ఆపరేషన్ రోజు ఆదిమూలం పెద్ద ఏర్పాట్లతో వెళ్ళాడు. వారం మంచం మీద పడుకోవాలని, చూడటానికి వచ్చేవాళ్ళకు కాఫీలు ఇవ్వాలని కోమలికి ముందే చెప్పి ఉంచాడు. చిగుళ్ళను పెద్దగా కొయ్యకుండానే, మత్తు దిగేలోపే పని అయిపోయింది. చెంప వాయలేదు. సాయంత్రానికి గంజి తాగాడు. ఇంత వాపు కూడా లేకుండా ఊళ్ళోకి ఏ ముఖంతో పోవాలో అతనికి అర్థం కాలేదు. మునిప్రసాద్ అయితే అసలు ఆపరేషనే జరగలేదు, తిరుపతిలో ఇడ్లీ తిని వచ్చినాడని చెప్పుకుంటూ తిరిగాడు.

ఎముక స్క్రూలను గట్టిగా పట్టుకునేదాకా నెలలు ఆగాక పళ్ళు ఎంచుకునే రోజు వచ్చింది. కోమలి ఫోనులో ఉన్న పాత జాతర వీడియో చూసి, పవిత్ర అతని పాత పళ్ళలాంటివే తెర మీద గీసింది. పొట్టివి, కొసలు అరిగినవి, మధ్యలో చిన్న సందు ఉన్నవి. ఆదిమూలం వాటిని చూసి ముఖం చిట్లించాడు. పోయినసారి ఊరు నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. ఈసారి నోరు తెరిస్తే జనం కళ్ళు చెదరాలి.

"ఇంకా పొడుగ్గా, తెల్లగా, సందు లేకుండా పెట్టు డాక్టరమ్మా. పెళ్ళికొడుకు మాదిరి ఉండాల."

"పొడుగైతే నీ మాట మారుతుందన్నా."

"పళ్ళు నావా, నీ కంప్యూటరువా?"

పవిత్ర నిట్టూర్చి, మొదట కొన్నాళ్ళు వాడి చూసే పళ్ళుగా అతను అడిగినవే చేయించి బిగించింది. అతను వద్దన్న బొమ్మను మాత్రం చెరిపెయ్యలేదు.

పెళ్ళికొడుకు పళ్ళతో ఆదిమూలం ఊళ్ళో దిగేసరికి జాతర చాటింపు మొదలైంది. డప్పు మోగిందంటే జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదు. బయటివాళ్ళు రావచ్చు గానీ, వస్తే జాతర చూడకుండా పోకూడదు. ఆ డప్పు చప్పుడు వింటూనే ఆదిమూలం ఇంట్లో తలుపు వేసుకుని, కోమలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని తిట్లు సాధన మొదలుపెట్టాడు. పై పళ్ళు కింది పెదవి మీద కూర్చుంటున్నాయి. నాలుక ఎక్కడ తగలాలో తెలియక తడుముకుంటోంది. కోమలి ఓపిగ్గా అన్నీ విన్నది.

"తిట్టినట్టు లేదబ్బా. బళ్ళో సారు దీవించినట్టుండాది," అంది చివరికి.

ఆదిమూలం కొట్టంలోకి పోయి గోడను తిట్టాడు. గోడకు కూడా దీవెనే తగిలింది. పొలిమేర దాటితే ఊరికి అరిష్టం, దాటకపోతే రేపు అక్కమ్మ వాకిలి తెరవదు. ఎప్పుడూ లేనిది ఆ మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "మామ ఉంటే నవ్వుండేవాడు," అన్నాడు. కోమలి ఇంకేమీ అడగకుండా తిరుపతికి ఫోను చేసింది.

మర్నాడు ఆదివారం, జాతర రోజు. పవిత్ర పొద్దెక్కకముందే కారులో వచ్చేసింది. పొలిమేర దగ్గర మునిప్రసాద్ ఆపి, లోపలికి వస్తే జాతర అయ్యేదాకా కదలకూడదని బెదిరించి చూశాడు. ఆమె భోజనం ఎక్కడ అని అడిగి కారు లోపలికి పోనిచ్చింది. స్క్రూలు ఏ వాలులో, ఎక్కడ ఉన్నాయో లెక్కంతా కంప్యూటర్‌లోనే ఉంది కాబట్టి మళ్ళీ కొలతల పని లేకుండా, ఆదిమూలం వద్దన్న పాత పళ్ళనే రాత్రికి రాత్రి ప్రింటు తీసుకొచ్చింది. వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చిన్న స్క్రూడ్రైవరుతో పెళ్ళికొడుకును ఊడదీసి ఆదిమూలాన్ని బిగించింది. టైరు మార్చడానికి అతనికి ఇంతకన్నా ఎక్కువసేపే పడుతుంది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

మసి పూసుకున్నాడు, మండలు కట్టుకున్నాడు. డప్పులతో ఊరంతా వెంటరాగా అక్కమ్మ గడప ముందుకు వచ్చాడు. వాకిలి మూసి ఉంది. మునిప్రసాద్ పక్కనే, చీపురు అందుకోవడానికి చెయ్యి చాపినంత దూరంలో నిలబడ్డాడు. డప్పు ఆగింది. ఆదిమూలం మూసి ఉన్న తలుపును చూసి గాలి పీల్చాడు.

"నీ దినం జెయ్యా! నీ కొంప గూలా! నీ పాడె గట్టా!"

ఒక్కొక్కటీ కొట్టిన మేకులా తలుపులోకి దిగింది. తాత నాటి వరస ఒక్కటి కూడా తప్పకుండా తిట్టాడు. గుంపులో నిలబడ్డ పవిత్ర అంత నీచమైన మాటలు జీవితంలో విని ఉండదు. ప్రతి అక్షరం స్పష్టంగా పలుకుతోందా లేదా అని చెవి ఒగ్గి మరీ వింటోంది.

లోపల గడియ తీసిన చప్పుడైంది. అక్కమ్మ గడపలోకి వచ్చి, చేతులు కట్టుకుని తల వంచి, చివరిదాకా తిట్లు తిన్నది. అంతా అయ్యాక జనం రెండో గడప వైపు కదలబోయారు.

"ఉండ్రా ఆదిమూలం," అంది అక్కమ్మ. ఎప్పుడూ మునిరామయ్య నిలబడే చోటు ఆమె పక్కన ఖాళీగా ఉంది. దాన్ని చూపించింది. "మీ మామకు పోయినసారిది బాకీ ఉండాది. ఆయనకు గూడా తిట్టిపో."

ఆదిమూలం నోరు తెరిచాడు. పళ్ళు నాలుగూ గట్టిగానే ఉన్నాయి. తనకు తెలిసిన తిట్లన్నీ చచ్చిపొమ్మనేవే. చచ్చిపోయినవాడికి ఏది తిట్టాలో తాత చెప్పలేదు, నాయన చెప్పలేదు. చీపురు చేతిలోంచి జారింది.

"అంత తొందరేమొచ్చె మామా నీకు," అన్నాడు.

ఆ మాట పోయిన ఏడాది తిట్టులాగే సగం గాలిగా వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అక్కమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుని, "తగిలిందిలే పోరా," అని రెండో గడప వైపు దారి ఇచ్చింది.