పసుపుకొమ్ము కట్టుకుని పరీక్షకు

మా అత్త రవికె కొలత నాకు కంఠతా వచ్చు. మా వీధిలో సగం రవికెలు నా మిషను మీదే కుడతాను. అందుకే ఆమె కొత్త గుడ్డ తెచ్చి, "ఎడమపక్క కొంచెం వదులు పెట్టమ్మీ" అన్నప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఒళ్ళు చేస్తే రెండు వైపులా వదులు అడుగుతారు గానీ ఒక్క పక్కే ఎవరడుగుతారు? గదిలోకి తీసుకుపోయి తలుపేసి, చెయ్యి పెట్టి చూశాను. చంక దగ్గర చెనిక్కాయంత గడ్డ ఉంది. నొక్కితే కదల్లేదు.

"ఎప్పట్నుంచత్తా?"

"చెనిక్కాయ పీకేటప్పట్నుంచి. నొప్పి ల్యాదు గదా, పోతాదిలే."

నాకు ఒళ్ళు మండింది. గొర్రె కాస్త కుంటితే చాలు పశువుల డాక్టరు కోసం ఊరంతా తిరిగే మనిషి, తన దాకా వస్తే పోతాదిలే అంటుంది. అనంతపురం పెద్దాసుపత్రికి పోదామంటే వినలేదు. అక్కడ రొమ్మును రెండు పలకల మధ్య పెట్టి నొక్కుతారని ఎవరో చెప్పారట. పైగా మామకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఆ నెలలోనే కళ్యాణదుర్గంలో కొత్త మిషనుతో క్యాంపు పెడుతున్నారని ఆశా వర్కరు చెప్పింది. పలకలు లేవు, నొక్కడం లేదు, ఎక్స్‌రే కూడా కాదు, మైక్రోవేవ్ తరంగాలతో చూస్తారట. మైక్రోవేవ్ అనే మాట వినగానే అత్త అదిరిపడింది.

"అన్నం వేడి చేసే డబ్బా గదమ్మీ అది? నన్ను ఉడకేస్తారా?"

"సెల్లు చెవికి పెట్టుకుని గంట సేపు మాట్లాడతావే, దానికన్నా తక్కువంట" అని నచ్చజెప్పాను. మామకు మాత్రం మోకాళ్ళ నొప్పుల క్యాంపని చెప్పాం. మమ్మల్ని బస్సెక్కించడానికి వచ్చిన ఆయన, ఏం తోచిందో, తనూ ఎక్కి కూర్చున్నాడు.

క్యాంపు ఒక కల్యాణమండపంలో. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గదిలో మిషను పెట్టారు. బల్లకు ఒక రంధ్రం, దాని కింద గిన్నె, గిన్నెలో ఏదో ద్రవం. బోర్లా పడుకుంటే రొమ్ము అందులోకి దిగుతుంది. గిన్నె చుట్టూ ఉన్న చిన్న చిన్న యాంటెన్నాలు తరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటిని పట్టుకుంటాయి. గడ్డలో నీరెక్కువ, చుట్టూ కొవ్వు, అందుకే తరంగం రెండు చోట్లా ఒకలా పోదని అక్కడున్న డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. ఇది ఇంకా పరీక్షిస్తున్న మిషను, ఇందులో ఏం కనపడ్డా కనపడకపోయినా గడ్డ ఉన్నవాళ్ళు ఆసుపత్రికి పోవలసిందే. అత్త ఆ మాట వినీ విననట్టు ఊరుకుంది.

ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదన్నారు. గాజులు తీసింది, కమ్మలు తీసింది, పిన్నీసులు కూడా తీసి నా చేతిలో పోసింది. పరీక్ష మొదలయింది. కాసేపటికి డాక్టరమ్మ తెర వైపు చూసి ముఖం చిట్లించింది. బొమ్మంతా చారలే. "అవ్వా, ఇంకా ఏమైనా ఉందా?" అంటే, "యాడుండాదమ్మా, అన్నీ తీసినా గదా" అంది అత్త. నాకు ఆమె సంగతి తెలుసు. కుడి చంక కింద వెతికితే తాళి గొలుసు దొరికింది. ముద్దగా చుట్టి దాచుకుంది.

"గడ్డ ఉండేది ఎడమపక్క గదా! కుడిపక్క ఉంటే నీ మిషనుకేం అడ్డం?" అని డాక్టరమ్మ మీదికే పోయింది. మొగుడు బతికుండగా తీయనంటే తీయనంది.

తాళి తీయవలసి వస్తే మా పక్క పసుపుకొమ్ము కడతారు. దారం నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. పసుపుకొమ్ము అంగట్లో దొరుకుతుంది. కానీ కట్టవలసినవాడు బయట టీ తాగుతున్నాడు, ఆయనకు ఏమీ తెలియదు. అత్త కళ్ళు మూసుకుంది. తర్వాత, "పో, చెప్పు" అంది.

చెప్పాను. మామ గ్లాసు కింద పెట్టి, ఎదురుగా ఉన్న అంగడికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. పసుపుకొమ్ము ఇస్తూ అంగడాయన, "ఎవరి పెండ్లప్పా?" అని అడిగాడు.

"నాదే" అన్నాడు మామ.

నేను దారం పేటలు వేసి పసుపు రాసిచ్చాను. ఆ గదిలో, ఆ మిషను పక్కన, మామ వేసిన ముడి జారిపోయింది. మళ్ళీ వేశాడు. ఇన్నేళ్ళలో ఆయన అత్తను అన్నం పెట్టమనడం విన్నాను, బిడ్డల సంగతో గొర్రెల సంగతో అడగడం విన్నాను. ఆమె ఎలా ఉందని అడగడం ఎప్పుడూ వినలేదు.

"నొస్తాందా?" అన్నాడు, మెడ వెనక నుంచి.

నా దగ్గర నవ్వుతూ కొట్టిపారేసిన మనిషి ఆయనకు నిజం చెప్పింది. "నొప్పి ల్యాదు. బయమైతాంది."

నేను బయటికి వచ్చి ఏడ్చాను.

ఈసారి బొమ్మ శుభ్రంగా వచ్చింది. ఎడమపక్క మచ్చ ఉంది. పెద్దాసుపత్రికి రాసిచ్చారు. "నొక్కితే నొక్కనీ, నేనుంటా గదా" అని మామే ముందు నడిచాడు. పలకల పరీక్షా అయింది, సూది పరీక్షా అయింది. క్యాన్సరే. తొందరగా వచ్చారు, మంచిదయింది అన్నారు. ఆపరేషను, తర్వాత మందులు, జుట్టు రాలడం అన్నీ పసుపుకొమ్ముతోనే గడిచాయి. గొలుసు నా మిషను సొరుగులో ఉండిపోయింది.

మొన్న చెకప్పులో ఏమీ లేదన్నారు. ఇంటికి రాగానే మామ సొరుగు తెరిచి గొలుసు తీసి అత్త మెడలో వేశాడు. పసుపు దారం తెంచబోతే ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"అది ఉండనీ. అది కట్టేటప్పుడే గదా నువ్వు నన్ను అడిగింది."