అమ్మ చేతి రొట్టె, పనామె జీతం

ఈ రోజు మధ్యాహ్నం నారాయణఖేడ్‌లో నేను రోజూ తినే హోటల్లో జొన్న రొట్టె దొరకలేదు. రొట్టెలు చేసే సాయమ్మ రాలేదు. బిర్యానీ మాస్టర్ చేయబోతే అన్నీ చేతిలోనే విరిగిపోయాయి. జొన్నపిండిని ఉడుకు నీళ్లతో కలపాలని కూడా తెలియదు ఆ పెద్దమనిషికి! కానీ సాయమ్మ జీతం అతని జీతంలో సగం కూడా ఉండదు.

హోటల్ సేటు నా ముందే ఆమెకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి మరీ తిట్టాడు.

"గిరాకీ టైముల గీ నఖరాలేంది? రొట్టెలు కొట్టుడు గూడ ఒక పనేనా? ఇంటింట్ల ఆడోళ్లు చేస్తలేరా?"

"అయితే మీ ఇంట్లకెల్లి తోల్కరా సేటూ. నేను పత్తి ఏరుతున్న. ఈడ ఎండున్నది గని, కూలి నీకంటె ఎక్కువిస్తుండ్రు" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

నేను తినకుండానే లేచి వచ్చేశాను. గుమ్మం మీద ఫ్లెక్సీలో ఇంతింత అక్షరాలు: "అమ్మ చేతి జొన్న రొట్టె". గిరాకీ కోసం అమ్మ, జీతం దగ్గర పనామె! మీ ఊళ్లోనూ ఇలాంటి బోర్డులుంటాయి. ఆ అమ్మకు ఎంతిస్తున్నారో రేపు భోజనానికి ముందు అడిగి, సేటు ముఖం ఎలా మారిందో ఇక్కడ రాయండి.