శనివారం చీపుర్లు

అటవీశాఖలో ఉద్యోగం చేసేదానికి చెట్ల పేర్లు తెలిస్తే చాలదు, వారాల సంగతీ తెలియాలి. ఆ పాఠం నాకు తమిళనాడులోని కోవిల్‌పట్టి బజారులో దొరికింది.

విరుదునగర్ పడమటి కొండల్లోని పళియర్ గిరిజన ఆడవాళ్ళు కొండచీపురు గడ్డి కోసి చీపుర్లు కడతారు. దుబ్బు వదిలేసి పైది మాత్రం కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. కొండకింది వ్యాపారికి అంత ఓపిక లేదు. వేళ్ళతో పీకి బండి నింపమంటాడు. పీకొద్దు, మనమే టౌనులో అమ్ముకుందాం అని నేను వాళ్ళ ప్రాణాలు తోడేశాను. "సరే, ఒక్కసారి చూస్తాం. అమ్ముడుపోకపోతే ఆయన మాటే" అంది వాళ్ళ పెద్దామె. అమ్మకం అయిన సాయంత్రమే ఆయనకు జవాబు చెప్పాలట.

నాకు తీరిక దొరికింది శనివారం. నా సొంతూరే కదా అని ధీమాగా అందరినీ బస్సెక్కించాను. మధ్యాహ్నం దాకా ఒక్క చీపురు కదల్లేదు. వచ్చినవాళ్ళు నిమురుతారు, మెచ్చుకుంటారు, వెళ్ళిపోతారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడే మాకు అన్నం క్యారియర్ తెచ్చిన మా అమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఏమే, అంత సదువు సదివి, శనిక్కిళమ పొరక ఎవురే కొనేది? ఇంటికి శని పట్టుకోని రాదా?"

"నువ్వైనా కొనమ్మా."

"నేనా? తల పొయినా కొనను." అంటూనే ఒక చీపురు తీసి నేలమీద ఆడించి చూసింది. మంచి చీపురు కనబడితే మా అమ్మకు ప్రాణం లాగేస్తుంది. "కొనరాదు గాని, మార్చుకుంటే ఏమి?"

ఇంటికి వెళ్ళి ఎండుమిరపకాయలు తెచ్చింది. బేరంలో ఎన్నడూ ఓడని మనిషి. పెద్దామె ఒక కాయ విరిచి, వాసన చూసి, "ఇవి నిరుటివి కదక్కా" అంది తమిళంలో. అమ్మ ముఖం చూడాలి! ఇంకో దోసెడు పోసింది. కొనకుండా మార్చుకోవచ్చన్న సంగతి వీధంతా పాకింది. సజ్జలొచ్చాయి, వేరుసెనగలొచ్చాయి, బెల్లంపాకంలో వేరుసెనగలు వేసి చేసే కడలమిట్టాయి పొట్లాలొచ్చాయి. శనిదేవుడి కళ్ళు కప్పే ఉపాయం దొరికితే మావాళ్ళను పట్టలేం. చీపుర్లన్నీ అయిపోయాయి.

తిరుగు బస్సులో వ్యాపారి ఫోను. పెద్దామె ఎత్తింది.

"లేదండీ. మేం పీకం. కోసుకుంటాం, మేమే అమ్ముకుంటాం" అని చెప్పి పెద్దామె ఫోను కొంగున ముడేసుకుంది.

నాకు ఆనందం పట్టలేక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమ్మా, మిరపకాయల ఘాటా?" అంది నా వంక చూసి.

మిరపకాయల మూట నా కాళ్ళ దగ్గరే ఉంది గనుక ఔనన్నాను.