ఒళ్లునొప్పుల బాబాయి

మా బాబాయికి ఎదుటివాళ్ల ఒళ్లునొప్పులంటే మహా సంబరం. ఎవరైనా నడుం పట్టుకుని "అబ్బా" అంటే చాలు, ప్రమోషన్ వచ్చినవాణ్ణి అభినందించినట్టు చెయ్యి పట్టుకుని ఊపేస్తాడు.

ఆయన ఫిజియోథెరపిస్టు. నేను ఆయన క్లినిక్‌లో గది బయట బల్ల దగ్గర కూర్చుని పేర్లు పిలుస్తాను. లోపలి మాటలన్నీ నాకు వినబడుతుంటాయి.

"నిన్నటి వ్యాయామానికి తొడలు పట్టేశాయండీ."

"శుభం! బాగానేనా?"

"కూర్చుంటే లేవలేకపోతున్నా."

"అదృష్టవంతులు!"

ఓసారి పిన్ని పరుపు తిరగేసి భుజం నొప్పంది. ఆవిడ కండ పెరగబోతోందని బాబాయి మా బంధువులందరికీ ఫోన్లు చేశాడు. అప్పట్నించీ పిన్ని ఆయన ముందు మూలగడం మానేసింది.

ఆ రోజుల్లోనే ఒక బస్సు డ్రైవరమ్మ వచ్చింది. ఎడమకాలు విరిగి, కట్టు విప్పేసరికి పిక్క పుల్లలా అయిపోయింది. క్లచ్ తొక్కలేకపోతే బస్సు ఇచ్చేది లేదని డిపోలో తేల్చేశారు. మొదటిరోజు వ్యాయామం అవగానే ఆవిడ సంచీలోంచి గుప్పెడు విటమిన్ మాత్రలు తీసింది.

"ఎందుకమ్మా అన్ని?" అన్నాడు బాబాయి.

"వ్యాయామానికి కండలో మంట పుడుతుందటగా సార్, ఇవి దాన్ని ఆర్పేస్తాయట."

"పొయ్యి ఆర్పేసి వంట కాలేదంటే ఎలా? పనిచేసిన కండలో కాస్త మంట రేగాలి. మరమ్మతుకి పిలుపు అదే. మరీ రేగితే కండనే తినేస్తుంది, అది చూసుకోడానికి నేనున్నాగా. మీరు మామూలుగా భోంచెయ్యండి, చాలు."

మర్నాడు ఆవిడ ఫోన్ చేసింది. "కాలు కదిలితే ఒట్టు. నేనింక రాను, బస్సు పోతే పోయింది. మీ బాబాయికి చెప్పు, పండగ చేసుకుంటాడు."

చెబుదామంటే బాబాయీ రాలేదు. ఇంటికి వెళ్లాను. ఆయన కుర్చీలోంచి లేవడానికి బల్లనీ గోడనీ బతిమాలుకుంటున్నాడు.

"నిన్న ఆ డ్రైవరమ్మ చేసినవన్నీ ఇంటికొచ్చి రెండింతలు చేశారు," అంది పిన్ని. "ఏ నొప్పి మంచిదో, ఏది చెడ్డదో తెలీకుండా పక్కవాళ్లకి ఎలా చెప్తానంటారు. కొత్తగా ఎవరొచ్చినా ఇదే గోల."

నేను ఫోన్ సంగతి చెప్పాను. బాబాయి వెంటనే చెప్పులు తొడుక్కున్నాడు.

ఆవిడ ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ప్రతి మెట్టుకీ బాబాయి "అమ్మా", "అయ్యో" అంటుంటే, ఎవరికేమైందోనని ఆవిడ తలుపు తీసి చూసింది.

"మీకేమైంది సార్?"

"మీకైందే," అన్నాడు బాబాయి, రొప్పుతూ. "మోకాలు వాచిందా? ఒకచోట పొడిచినట్టుందా?"

"లేదు. పిక్కంతా పట్టేసింది."

"నాకూ అంతే. పదండి, నెమ్మదిగా నడుద్దాం."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, ఆపుకోలేక నవ్వేసింది. ఇద్దరూ చెరో పక్క గోడ పట్టుకుని దిగడం మొదలుపెట్టారు. రెండో అంతస్తుకి వచ్చేసరికి ఆవిడ నాలుగు మెట్లు ముందుంది.

అక్కడ ఆగి వెనక్కి తిరిగింది.

"చెయ్యివ్వమంటారా సార్?"