మేకులకి మోగే మిషను

మా ఆవిడ ఎడమ కాలికి నాలుగే వేళ్లు. చిటికెన వేలిని కిందటి ఎండాకాలంలో శ్రీకాకుళం ఆసుపత్రిలో తీసేశారు. తీసింది డాక్టరమ్మే గాని పోగొట్టింది మేకు. ఆ మేకు సంగతి చెబితే గాని నేను కొన్న మిషను సంగతి ఎవరికీ అర్థం కాదు. అందుకని ముందు అదే రాస్తున్నాను.

ఆవిడకి షుగరు. చాలా ఏళ్లుగా ఉంది. షుగరు ముదిరితే పాదాలకి స్పర్శ పోతుందని మాకు తెలియదు. మేకు దిగిన రోజు ఆవిడ ఒడ్డున ఆరబోసిన నెత్తళ్ల చేపలు తిరగేసి, గంపకెత్తి, ఇంటికొచ్చి వంట కూడా చేసింది. మర్నాడు పొద్దున్న గుమ్మంలో రక్తం మరకలు చూసి, ఇదెవరిదని ఆవిడే నన్ను అడిగింది.

పాదం ఎత్తి చూస్తే చిటికెన వేలి మొదట్లో తుప్పు పట్టిన మేకు ముక్క ఉంది. లాగింది నేనే. లాగి, కడిగి చూసి, నోరు మూసుకున్నాను. అది నలుచదరం మేకు. ఇప్పుడు బజార్లో దొరికేవి గుండ్రంగా ఉంటాయి. నలుచదరం మేకులు మా నాన్న చెక్క నావకి కొట్టించినవి. ఫైబరు పడవ వచ్చిన ఏడాది ఆ నావని నేనే గొడ్డలితో విరగ్గొట్టి ఒడ్డునే తగలబెట్టాను. మా ఆవిడ చేపలు ఆరబోసే జాగాకి పది అడుగుల దూరం. చెక్క కాలిపోయింది, మేకులు మిగిలిపోయాయి. ఏరాలని నాకు తోచలేదు. తరవాత వచ్చిన తుఫాన్లు ఇసకని అటూ ఇటూ తిప్పి ఆ మేకుల్ని ఎక్కడ పడితే అక్కడ పూడ్చిపెట్టాయి.

ఈ మాట ఆవిడకి చెప్పలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడూ చెప్పలేదు, వేలు తీసేశాకా చెప్పలేదు.

ఇంకో గాయమైతే పాదమే పోతుందని డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. చెప్పులు లేకుండా గుమ్మం దాటొద్దంది. ఆవిడ వింటుంది, ఇంట్లో వేసుకుంటుంది, బజారుకి వేసుకుంటుంది. చేపలు ఆరబోసే ఇసక దగ్గరికి రాగానే విప్పేస్తుంది. మా చేపలు పట్టేవాళ్లలో నావలోకి చెప్పులతో ఎక్కం, వల మీద చెప్పుకాలు పెట్టం, చేప ఆరే చోట చెప్పులతో తిరగం. గంగమ్మ తల్లి ఇచ్చిన తిండి అది. నేను ఆవిడతో పోట్లాడాను.

"ఒసే, కాలు పోతాదే" అన్నాను.

"పోతే పోనీ. సెప్పులేసుకుని సేపల్లో తిరగమంటావేటి? రేపు తినీవోలికి ఏటి సెప్పమంటావు?" అంది.

మానేసి ఇంట్లో కూర్చోమంటే, నువ్వు కూర్చో నేను వేటకెళతానంది. ఆ జాగా ఆవిడకి అత్తగారి నుంచి వచ్చింది. మా ఒడ్డున ఆడవాళ్లు ఎవరి జాగా వాళ్లదే, గట్టు లేకపోయినా హద్దు తెలుసు. ఆవిడ కదలదు. ఆవిడ కదలకపోతే మేకులు కదలాలి. ఇసకలోంచి మేకులన్నీ తీసెయ్యడం తప్ప నాకు వేరే దారి కనపడలేదు.

మొదట అయస్కాంతం పెట్టి చూశాను. పాత మైకుపెట్టె లోంచి తీసిన పెద్ద అయస్కాంతం ఒకటి పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు నాకిచ్చాడు. తాడు కట్టి ఇసకలో లాగాను. నాలుగు అడుగులు లాగేసరికి దానికి ఎలుగుబంటి బొచ్చులాగ నల్ల ఇసక పట్టేసింది. మా ఒడ్డు ఇసకలో ఇనుము ఉంది. వాన వెలిశాక చూస్తే నల్లటి చారలు మెరుస్తాయి. నాలుగు అడుగులకోసారి ఆ బొచ్చు పీకడం, మళ్లీ లాగడం. రెండు రోజులకి రెండు మేకులు దొరికాయి, నా నడుం పట్టేసింది.

మెటల్ డిటెక్టరు అని ఒకటుందని మా బావమరిది చెప్పాడు. చెప్పడమేమిటి, వాడి దగ్గరే ఉంది. తుఫాను తరవాత ఒడ్డుకి బంగారం ముక్కలు కొట్టుకొస్తాయని ఎవరో చెబితే నమ్మి, ఫోనులో చూసి తెప్పించుకున్నాడు. కర్ర చివర పళ్లెం లాంటిది ఉంటుంది, దాన్ని నేల మీద ఊపుతూ నడవాలి, కింద లోహముంటే కూత పెడుతుంది. తెచ్చి మా జాగాలో ఆన్ చేశాడు. పళ్లెం ఇసక దగ్గరికి వచ్చిన దగ్గరనుంచి ఒకటే కూత. మేకున్న చోటా కూతే, లేని చోటా కూతే. నల్ల ఇసకనే అది లోహమనుకుంటోంది. కూత తగ్గించడానికి తిప్పే చక్రం ఒకటుంది. తిప్పితే ఇసకకీ మోగదు, మేకుకీ మోగదు.

"మీ ఇసకే మంచిది కాదు బావా" అని మిషను భుజాన వేసుకుని పోయాడు.

మూడోది పెద్దమిషను. విశాఖపట్నం వైపు నుంచి ఒకాయన జాతరలయ్యాక, నిమజ్జనాలయ్యాక ఒడ్డంట వెతుక్కుంటూ వస్తాడు. స్నానాలు చేసినవాళ్ల ఉంగరాలూ చెవిపోగులూ ఆయన పంట. ఆయన మిషను విదేశీది, చెవులకి పెట్టుకునేవి, గడియారం లాంటి తెర, అన్నీ ఉన్నాయి. నల్ల ఇసక మీద ఆడిస్తే చప్పుడు లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు జేబులోంచి మా మేకు తీసి ఇసకలో వేశాను. దాని మీదా చప్పుడు లేదు. ఆయన గర్వంగా, ఇదే దీని గొప్పతనం, చెత్త ఇనుముకి పలకదు, టైము వేస్టు చెయ్యదు అన్నాడు. నాకా చెత్త ఇనుమే కావాలన్నాను. ఆయన మంచితనంగానే ఏవో నొక్కి మార్చాడు. మార్చాక మూరలోతున్న మేకుక్కూడా పలికింది. నిజం చెప్పాలి, అంతకంటే మంచి మిషను నేను చూడలేదు. కానీ ఆ ధరకి మా పడవ ఇంజను వస్తుంది. ఆయన అరగంట ఉండి వెళ్లిపోయాడు. ప్రతి ఆటుపోటుకీ ఇసక కదులుతుంది, నాకు వారం వారం పని.

ఈలోగా ఊళ్లో నాకు బంగారం పిచ్చి పట్టిందని అనుకున్నారు. టీ కొట్టు దగ్గర, దొరికితే మాకూ ఓ తులం పారెయ్యి మావా అని వెటకారాలు. నేనేం చెప్పలేదు. మేకులు వెతుకుతున్నానంటే ఎక్కడి మేకులని అడుగుతారు, అది ఆవిడ చెవిన పడుతుంది.

శ్రీకాకుళంలో ఒక కొట్లో కొత్త మిషను వచ్చిందని, తక్కువ ధరేనని తెలిసింది. ఈసారి నేను తెలివి తెచ్చుకున్నాను. మిషను మా ఊరు రావడం కాదు, మా ఊరే మిషను దగ్గరికి వెళ్లాలి. బియ్యం సంచిలో సగానికి మా జాగా ఇసక పోసుకుని, జేబులో మేకు వేసుకుని బస్సెక్కాను. కండక్టరు సంచిలో ఏముందని అడిగితే ఇసకన్నాను. శ్రీకాకుళంలో ఇసక లేదా తాతా అన్నాడు.

కొట్టాయన అద్దాల బల్ల మీద రూపాయి బిళ్ల పెట్టి మిషను మోగించి చూపించాడు. అద్దాల బల్ల మీద ఏ మిషనైనా మోగుతుంది. నేను సంచి విప్పి గుమ్మం ముందు ఇసక పోసేసరికి ఆయనకి కోపమొచ్చింది. ఊడ్చి పోతానని చెప్పి, మేకుని జానెడు లోతున పాతి, ఇప్పుడు చూపించు అన్నాను. పళ్లెం దగ్గరికి తెచ్చాడు. బావమరిది మిషను లాగే ఒకటే కూత. ఆయన తెల్లబోయి, ఇది మామూలు నేలకేనేమో పెద్దాయనా అన్నాడు.

మిషనుతో వచ్చిన కాగితం ఇమ్మన్నాను. అందులో నాలుగైదు భాషలున్నాయి, ఒక పక్క తెలుగు కూడా. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, తుఫాను షెల్టరులో సాయంత్రాలు పెట్టిన బడిలో. ఇప్పటికీ వేలు కింద పెట్టుకుని చదువుతాను. గబగబా చదివేవాళ్లు వదిలేసేవి కూడా నేను వదల్లేను, వదిలితే వరస తప్పిపోతాను. కొట్టాయన బేరానికొచ్చిన ఇద్దరికి సమాధానం చెప్పి వచ్చేదాకా నేను మెట్టు మీద కూర్చుని చదువుతూనే ఉన్నాను. ఆఖరి మడతలో ఉంది. ఇనుము కలిసిన నేల మీద వాడేటప్పుడు మీట నొక్కి పట్టుకుని, పళ్లెం నేలకి దగ్గరగా కొన్నిసార్లు పైకీ కిందకీ ఆడించాలట. అప్పుడు మిషను ఆ నేలని తెలుసుకుంటుందట.

మేకు తీసేసి, మీట నొక్కి, చిన్నపిల్లని ఊపినట్టు పైకీ కిందకీ ఊపాను. కూత సన్నగిల్లి సన్నగిల్లి ఆగిపోయింది. మేకు మళ్లీ పాతి ఊపితే అక్కడ మాత్రం ఒకసారి గట్టిగా మోగింది. పక్కకి జరిపితే చప్పుడు లేదు. మళ్లీ తెస్తే మోగింది. కొట్టాయన ఇసక మర్చిపోయి నా పక్కన కూర్చుండిపోయాడు.

ఆ మిషనులో లోపాలు చాలా ఉన్నాయి, దాచడమెందుకు. కర్ర అతుకు దగ్గర వదులు, రెండు రోజులకోసారి బిగించాలి. బ్యాటరీలు తినేస్తుంది. మేకుకీ సోడామూతకీ ఒకే కూత. ఏది ఏదో చెప్పలేదు, అందుకే బంగారం కోసం తిరిగేవాళ్లు దాన్ని ముట్టుకోరు. వాళ్లకి పెద్దమిషనే సరి. మేకైతే జానెడు కంటే లోతుకి దీని చూపు పోదు. పెద్దమిషను మూరలోతు చూస్తుందని కొట్టాయనే ఒప్పుకున్నాడు. మా ఆవిడ పాదం మూరలోతు దిగదని చెప్పి తెచ్చుకున్నాను. ఇసక ఊడ్చే వచ్చాను.

మా జాగా మొత్తం వెతకడానికి తొమ్మిది పొద్దులు పట్టింది. తాళ్లు కట్టి చాళ్లుగా విడగొట్టుకుని, ఒక్కో చాలు రెండుసార్లు చూశాను. మోగిన చోట జల్లెడతో ఇసక జల్లించాను. గేలాలు దొరికాయి, సోడామూతలు దొరికాయి, ఎవరిదో కాలిపట్టీ సీల దొరికింది. మిగిలినవన్నీ నలుచదరం మేకులే. పాత పెరుగు బకెట్లో వేసుకుంటూ వచ్చాను. సగానికి పైగా నిండింది. బకెట్టుని వలల వెనక పెట్టి గోనె కప్పేవాణ్ని.

తొమ్మిదో రోజు మిషను ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్లినా మోగలేదు. చెడిపోయిందేమోనని మేకు వేసి చూశాను, మోగింది. తీసేసి మళ్లీ మొత్తం నడిచాను. చప్పుడు లేదు. అంత సేపు ఏమీ వినపడకపోవడం నాకెప్పుడూ అంత హాయిగా అనిపించలేదు. మిషను పక్కన పెట్టి అక్కడే కూర్చున్నాను.

మా ఆవిడ గంప పట్టుకుని వచ్చి, చెప్పులు విప్పి జాగా అంచున పెట్టి, నేను చూస్తుండగా ఇసకలోకి నడిచింది. నెత్తళ్లు ఆరబోసింది. తరవాత వలల దగ్గరికి వెళ్లి గోనె తీసి బకెట్టు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇవి పాత సామాన్లోడికి ఏసీమంటావా, దాస్తావా?" అంది.

ఎక్కడివో అడగలేదు. నేనే నోరు తెరిచి, ఆ మేకులు అని ఏదో మొదలుపెట్టాను.

"మీ నాన్న నావవి. నాకు తెల్దనుకున్నావేటి మావా? ఆ నావ కాలుత్తంటే సలికాసుకున్నది నానే కదా" అంది. "నాకూ అప్పుడు ఏరాలని తోసనేదు."

 నేను మిషను కర్ర అతుకు బిగిస్తూ కూర్చున్నాను.

మేకులు పాత సామాన్ల వాడికి వేసేశాం, ఒక్కటి తప్ప. అది మిషను పని చేస్తోందో లేదో చూడ్డానికి. ఇప్పుడు ప్రతి శుక్రవారం పొద్దున్న జాగా మీద ఒకసారి తిప్పుతాను. పక్క జాగాల ఆడవాళ్లూ తమ ఇసక మీద తిప్పమంటున్నారు, తిప్పుతున్నాను. టీ కొట్టు దగ్గర తులాల మాట ఎవరూ ఎత్తడం లేదు. సాయంత్రం మా ఆవిడ ఇంటి అరుగు మీద కూర్చుని ఎడమ పాదం నా ఒళ్లో పెడుతుంది. కళ్లజోడు పెట్టుకుని, కాగితం చదివినట్టే వేలు పెట్టి అరికాలంతా చూస్తాను, నాలుగు వేళ్ల సందులూ చూస్తాను.

"ఏటుంది?" అంటుంది.

"ఇసక" అంటాను.