రెండు చేతులిచ్చిన మందు

ఎవరు ఏమిచ్చినా వెంకటనర్సమ్మ ముందు కళ్లకు అద్దుకుంటుంది. పేరంటం తాంబూలమైనా సరే, పక్కింటివాళ్లు పంపిన గిన్నెడు పులుసైనా సరే. ఇచ్చిన చేతిని చిన్నబుచ్చకూడదని తల్లి నేర్పింది.

ఆమెకు అరవై తొమ్మిదేళ్లు. మోతె ఊళ్లో ఆమె మడిలో దిగకుండా వరినాటు మొదలుకాదు. మొదటి మునుం, అంటే నాటే మొదటి వరస, ఆమె పట్టాకే మిగతా ఆడవాళ్లు వంగుతారు.

ఈ వానాకాలం ఆమె మూడుసార్లు పడింది. రెండుసార్లు ఇంట్లో, మంచం దిగుతూ. ఎవరికీ చెప్పలేదు. మూడోసారి మడిలో, వంచిన నడుము ఎత్తగానే కళ్లకు చీకట్లు కమ్మి బురదలో కూలింది.

"పరుపు మెత్తగున్నదా పెద్దమ్మా?" అంది పక్కన నాటేస్తున్న కళ్యాణి, లేపుతూ. అందరూ నవ్వారు. కళ్యాణి మాత్రం ఆమెను గట్టు దాకా పట్టుకునే నడిపించింది.

కొడుకు రవి నవ్వలేదు. "ఇగ నాటు బంద్. తుంటి ఇరిగితె మళ్ల లేవవు."

"బంద్ జేసి ఏం జెయ్యాల్రా? గోడలు సూస్కుంట కూసోవాల్నా?"

రవి సాయంత్రం పల్లె దవాఖాన నర్సు శ్రావణిని ఇంటికి పిలుచుకొచ్చాడు.

శ్రావణి ఆమెను పడుకోబెట్టి బీపీ చూసింది. నూట ముప్పై. లేపి నిలబెట్టి, కొంచెం ఆగి మళ్లీ చూసింది. తొంభై ఆరు.

"అవ్వా, నేనిచ్చిన బీపీ గోలి కాకుండ ఇంకేమన్న మింగుతున్నవా?"

వెంకటనర్సమ్మ కొంగుముడి విప్పింది. అందులో గోలీల అట్టలు రెండు. ఒకటి శ్రావణి ఇచ్చినది. ఇంకొకటి, రెండు నెలల కింద జ్వరమొచ్చి కోదాడ ఆసుపత్రికి పోతే అక్కడి డాక్టరు బీపీ ఎక్కువుందని ఇచ్చినది. పేర్లు వేరు, రంగులు వేరు.

"రెండూ ఒకటే మందు అవ్వా. దినాం రెండూ మింగుతున్నవా? గందుకే లేస్తె బీపీ పడిపోయి కండ్లు తిరుగుతున్నయ్."

"నువ్వు ప్రేమతోని ఇస్తివి. ఆ సారు గూడ మంచిగ మాట్లాడి ఇచ్చె. ఒకరిది మింగి ఒకరిది పారేస్తె మర్యాదనా బిడ్డా?"

శ్రావణి రవిని కోదాడ చీటీ అడిగి తీసుకుంది. దాని మీది నంబరు చూసి అక్కడి డాక్టరుకు ఫోన్ చేసింది. ఒక్కటే చాలు, అది మాత్రం మానొద్దు అన్నాడాయన.

"గిది నేను తీస్కపోత. దినాం ఒక్కటే మింగు. మంచం దిగేముంగట జరసేపు కూసో. వారమాగి మళ్ల సూస్త. మంచిగుంటె నేనే నాటుకు పొమ్మంట. అందాక గట్టు మీదనే."

వెంకటనర్సమ్మ ఆ పిల్ల చేయి పట్టుకుని కళ్లకు అద్దుకుంది. "గదేంది అవ్వా" అని శ్రావణి చేయి లాక్కోబోయింది. ఆమె వదల్లేదు.

మర్నాడు పొద్దున వాకిట్లోంచి కళ్యాణి కేకేసింది. "వస్తవా పెద్దమ్మా?"

"ఆగవే. కాళ్లకు చెప్తున్న."

మంచం అంచున కూర్చుని, నేల కుదురుకున్నాక లేచింది. ఒక్క గోలి కళ్లకు అద్దుకుని మింగింది. చేను దాకా మెల్లగా నడిచి గట్టు మీద కూర్చుంది. నారుకట్టలోంచి పిడికెడు తీసి, కళ్లకు అద్దుకుని, మొదటి మునుం పట్టమని కళ్యాణి చేతికిచ్చింది.