పేరక్కర్లేని గ్లాసు

మా పక్కింటి ఎబినేజరు బాబాయి గారికి ఉన్న పిచ్చి ఒక్కటే, ఎంగిలి. ఒకరు తాగిన గ్లాసులో ఇంకొకరు తాగకూడదు. ఒకరి చెంచా ఇంకొకరు ముట్టకూడదు. అందుకని ఆ ఇంటి గడప తొక్కిన ప్రతి మనిషికీ ఒక స్టీలు గ్లాసు కొని, దాని మీద పేరు కొట్టించి, వంటగది అరల్లో పేర్చి పెట్టేవారు. ఆయన పోయి నెల దాటింది. ఆ అరలు చూస్తే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది, వెంటనే ఏడుపూ వస్తుంది.

తెనాలి రేపల్లె పాసింజరుకి గార్డుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం పోయినా ఈల మాత్రం మెడలోంచి పోలేదు. మనవడు జోయెల్ చెయ్యి చెల్లెలు షారోన్ గ్లాసు వైపు వెళ్తే చాలు, వీధి చివరిదాకా వినపడేట్టు ఊదేవారు.

"ఏంటండీ బాబాయి గారూ, బండి బయల్దేరిందనుకున్నాం కదా!" అనేదాన్ని గోడ మీంచి.

"నీ గ్లాసు పైఅరలో ఉందమ్మాయ్. ఇటొస్తే దాన్లోనే తాగు," అనేవారు. అది పిలుపో మందలింపో నాకెప్పుడూ తెలిసేది కాదు.

అసలు సంగతి నవ్వులాట కాదు. షారోన్‌కి నాలుగో ఏట రక్తంలో జబ్బు చేసింది. గుంటూరు ఆసుపత్రిలో నెలల తరబడి ఉంచి, ఎలాగో దక్కించుకున్నారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "ఈ పిల్లకి చిన్న జ్వరమొచ్చినా ప్రమాదమే. ఎవరి ఎంగిలీ తగలనివ్వకండి," అన్నాడు. ఆ మాటకి బాగా దెబ్బతిన్నది జోయెల్. పాలైనా రాగిజావైనా సగం తాగి చెల్లికి ఉంచడం వాడి అలవాటు. ఆ తర్వాత కూడా సగం ఉంచేవాడు. ఎవరూ తాగక అది తొరక కట్టేది. అది చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

సరే, పిల్లకి వేరే గ్లాసు పెట్టాలి. ఊరందరికీ ఎందుకూ? అదే మాకెవరికీ అర్థమయ్యేది కాదు.

నిజాంపట్నం నుంచి చేపలు తెచ్చే పేరంటాలు ఒకరోజు మంచినీళ్ళడిగింది. మర్నాటికల్లా ఆమె పేరుతో గ్లాసు తయారు. "నాకెందుకండీ బాబాయి గారూ, దోసిట్లో పొయ్యండి, తాగుతా," అంది.

"దోసిలి మీద పేరు కొట్టడం కుదరదమ్మా," అన్నారాయన.

కరెంటు బిల్లు తీసే సాయికుమార్ బదిలీ అయి కొత్తతను వచ్చాడు. పాపం, మండుటెండలో నీళ్ళడిగితే, "ఇది సాయికుమార్ గ్లాసండి. మీది రేపు తెనాలెళ్ళి చేయించుకొస్తా. ఈలోగా బొండం కొట్టి ఇస్తా ఉండండి," అని కొబ్బరిచెట్టు ఎక్కబోయారు. డెబ్బై దాటిన మనిషిని ఆయన భార్య సారా పిన్ని లుంగీ పట్టుకుని కిందికి లాగింది.

తెనాలిలో పాత్రల కొట్టు సుందరయ్య ఆయన్ని దూరాన్నుంచి చూడగానే పేర్లు కొట్టే మిషను చేతికి తీసుకునేవాడట. చెంచాలనీ వదల్లేదు. జోయెల్ చెంచా కాడ మీద చోటు చాలక పేరు "జో" దగ్గరే ఆగిపోయింది. అప్పట్నుంచీ వీధిలో అందరికీ వాడు జో అయ్యాడు.

పేరు లేనిది ఒక్క షారోన్ గ్లాసుకే.

"తాతా, నా దానికి పేరేదీ?" అని రాగం తీసేది.

"పేరు కొట్టేది తెలియనోళ్ళకి తల్లీ. నీది ఎవరికి తెలీదు?"

దాంతో అది వీధంతా తిరిగి, "నాది పేరక్కర్లేని గ్లాసు," అని చాటుకునేది.

పోయే ముందు వారం బాబాయి గారు షారోన్‌ని గుంటూరు తీసుకెళ్ళారు. డాక్టరు అన్నీ చూసి, "ఇక ఈ పిల్ల అందరి పిల్లల్లాంటిదే," అన్నాడట. తెనాలిలో బండి మారి, సంబరంగా ఇల్లు చేరారు. తీరా చూస్తే సంచిలో షారోన్ గ్లాసు లేదు. "తెనాలి స్టేషన్లో మర్చిపోయుంటాలే," అన్నారు తేలిగ్గా. ఇంతమంది గ్లాసులకి కాపలా కాసిన గార్డు సొంత మనవరాలి గ్లాసు పారేసుకున్నాడని వీధంతా ఒకటే నవ్వు. వారం తిరక్కుండానే ఆయన నిద్రలో పోయారు. మాకు నవ్విన నోళ్ళతోనే ఏడవాల్సొచ్చింది.

మట్టి చేసిన మర్నాడు సారా పిన్ని ఆ అరల ముందు కూలబడి చెప్పింది.

"చిన్నప్పుడు బాపట్ల అవతల పల్లెలో వాళ్ళ నాన్నతో కూలికి పోయేవారమ్మా. టీ కొట్లో వీళ్ళకి వేరే గ్లాసు. గుర్తుకి ఎర్ర రంగు చుక్క పెట్టి బయట ఉంచేవాళ్ళు. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించాలి. పిల్లకి విడిగా గ్లాసు పెట్టమన్న రోజు ఈయన అన్నం తిన్లా. 'గుర్తున్న గ్లాసు పట్టుకుంటే ఎట్టా ఉంటదో నాకు తెలుసు సారా. పిల్లదానికి గుర్తొద్దు. మిగతా అందరి వాటికీ పెడదాం,' అన్నారు."

పైఅరలో నా పేరున్న గ్లాసు తీసి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను.

పోయినవాళ్ళ ఇంట పెట్టే ఆదరణ కూడిక నాడు పాస్టరు అయ్యగారి ప్రార్థన అయ్యాక టీ పోశారు. ఎవరూ చెప్పకుండానే జనం లేచి అరల్లోంచి ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకున్నారు. కరెంటు బిల్లు కొత్తతనికి కూడా ఉంది. షారోన్ ఒక్కతే ఉత్త చేతుల్తో నిలబడింది.

అప్పుడే తెనాలి నుంచి సుందరయ్య వచ్చాడు. చేతిలో చిన్న సంచి. "గార్డు గారు ఇచ్చెళ్ళారండి. తర్వాత బండికొచ్చి పట్టుకెళ్తానన్నారు. రాలేదేంటా అనుకుంటుంటే నిన్న ఈ కబురు తెలిసింది," అని గ్లాసు తీసి పిన్నికిచ్చాడు. షారోన్ గ్లాసే. దాని మీద పేర్లు రెండు, పక్కపక్కన. జోయెల్, షారోన్.

పిన్ని చాలాసేపు దాన్ని చీరకొంగుతో తుడుస్తూనే ఉంది. తర్వాత నిండా పాలు పోసింది. జోయెల్ అందుకుని అటూ ఇటూ చూశాడు. మేమంతా ఈల కోసం ఆగినట్టు ఆగాం. వాడు గటగటా తాగి చెల్లికిచ్చాడు. అది లోపలికి తొంగి చూసింది.

"ఇది సగమా? అన్నయ్య ఎక్కువ తాగేశాడు అమ్మమ్మా!"

"నా పేరే ముందుంది మరి!"

"తాత పొరపాటున కొట్టించాడు!"

ఇద్దరూ గ్లాసు పట్టుకుని లాగులాట మొదలెట్టారు. సారా పిన్ని కళ్ళు తుడుచుకుని, మేకుకి వేలాడుతున్న ఈల తీసి, వీధి చివరిదాకా వినపడేట్టు ఊదింది.

"తాగవే తల్లీ," అంది. "బండి బయల్దేరుద్ది."